టోక్యో హోటల్‌లో మూడు రాత్రులు: ముందే చెప్పవలసిన సంగతులు

ఏప్రిల్ నెలలో, అరవై తొమ్మిదేళ్ళ మా అమ్మను వెంటబెట్టుకొని జపాన్ వెళ్ళినప్పుడు టోక్యోలో మూడు రాత్రుల బసకు నేను పెట్టిన ఖర్చు గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాటలు నడుస్తూనే ఉన్నాయి. హిబియా, మరునౌచి ప్రాంతంలోని ఒక పెద్ద హోటల్‌లో ఇద్దరికీ కలిపి రాత్రికి 72,000 యెన్‌లు, అంటే అప్పటి మారకపు విలువలో సుమారు 42 వేల రూపాయలు పడింది. అంత డబ్బుకు ఏమి దక్కింది, ఏమి దక్కలేదు, దక్కనిదానిలో మా పొరపాటు ఎంత అన్నది, అటు వెళ్ళే ఆలోచనలో ఉన్నవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

ముందు లెక్క సంగతి. అక్కడి హోటళ్ళు గదికి ఎంతమంది అన్నదాన్ని బట్టి ధర కడతాయి కాబట్టి ఒకరి పేరిట బుక్ చేసి ఇద్దరు దిగితే కుదరదు. కొన్ని హోటళ్ళు చూపించే ధరలో సేవా రుసుము, 10 శాతం వినియోగ పన్ను కలిసి ఉండవు. వీటికి తోడు, మనిషికి రాత్రికి 15,000 యెన్‌లు దాటిన గదులపై టోక్యో నగరం మనిషికి రాత్రికి 200 యెన్‌ల చొప్పున బస పన్ను తీసుకుంది. మాకు అది మొత్తం 1,200 యెన్‌లు అయింది. టిప్పుల బాధ లేదు కనుక, బిల్లులో కనిపించిందే ఆఖరు లెక్క.

ఢిల్లీ మీదుగా రాత్రంతా ప్రయాణం చేసి హనేడా విమానాశ్రయంలో దిగి, హోటల్ చేరేసరికి ఉదయం తొమ్మిదిన్నర అయింది. చెక్ ఇన్ మధ్యాహ్నం మూడు గంటలకని రసీదులో స్పష్టంగానే ఉన్నా, పెద్దావిడను చూసి గది ముందే ఇస్తారులే అన్న ధీమాతో నేను ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు. రిసెప్షన్‌లోని యువకుడు మా మాట చివరిదాకా విని, లోపలికి వెళ్ళి, పది నిమిషాల తరువాత తిరిగి వచ్చి, రెండు చేతులూ ముందు కట్టుకొని వంగి, గది ఒంటిగంటన్నరకు సిద్ధమవుతుందని చెప్పాడు. హైదరాబాద్‌లోనైతే "చూస్తాం మేడమ్, కూర్చోండి" అన్న మాటతో ఆశ పెట్టి పన్నెండుకో, నాలుగుకో ఇచ్చేవారు. ఇక్కడ ఆశ పెట్టలేదు, బతిమాలడానికి సందు ఇవ్వలేదు, కానీ ఒంటిగంట ఇరవై ఎనిమిది నిమిషాలకు మేము లాబీలో ఉండగా అతడే వెతుక్కుంటూ వచ్చి తాళం కార్డు చేతికిచ్చాడు. పాస్‌పోర్టుల నకళ్ళు అప్పటికే తీసుకున్నారు. జపాన్‌లో నివాసం లేని విదేశీయుల విషయంలో అది తప్పనిసరి.

మధ్యలో దొరికిన నాలుగు గంటలు ఒక రకంగా లాభమే అయ్యాయి. రాజప్రాసాదపు తూర్పు ఉద్యానవనం చూద్దామనుకున్నాం గాని ఆ రోజు సోమవారం. సోమ, శుక్రవారాలలో దానిని మూసి ఉంచుతారు. అందుకని 1903లో తెరిచిన హిబియా పార్కులో కాసేపు కూర్చుని, ఎదురుగా ఉన్న ఇంపీరియల్ హోటల్ లాబీలోకి వెళ్ళాం. 1890లో మొదలైన ఆ హోటల్‌కు అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన భవనం ప్రారంభ విందు జరగవలసిన రోజునే, 1923 సెప్టెంబరు 1న, కాంటో మహాభూకంపం వచ్చింది. నగరంలో చాలా భాగం కూలి, కాలిపోయినా ఆ భవనం దెబ్బతిని కూడా నిలబడింది. అంతటి భూకంపానికి లొంగనిదానిని 1960ల చివరలో మనుషులే పడగొట్టారని చెబితే అమ్మ నమ్మలేకపోయింది. దాని ముఖద్వారాన్ని నగోయా సమీపంలోని మేజీ మురా ప్రదర్శనశాలలో తిరిగి నిలబెట్టారు. ఇప్పుడున్న ప్రధాన భవనం 1970 నాటిది. లోపలి పాత బారులో మాత్రం రైట్ నాటి అలంకరణ పలకలు కొన్ని మిగిలి ఉన్నాయి. బారులో అడుగుపెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు కాబట్టి గుమ్మం దగ్గర నిలబడి చూశాం.

ఆ హోటల్ గురించి చెప్పుకునే సంగతి ఒకటి నాకు ఈ ప్రయాణం అంతటా గుర్తుకు వస్తూనే ఉంది. అతిథి ఖాళీ చేసిన గదిలోని చెత్తను వారు వెంటనే పారవేయకుండా మరో రోజు దాచి ఉంచుతారు. పొరపాటున ఏ చీటీయో పడేసి మరునాడు ఫోన్ చేసేవారు ఉంటారని వారి లెక్క. మేము దిగిన చోట ఈ నియమం ఉందో లేదో నేను అడగలేదు గాని, అమ్మ బల్ల మీద వదిలేసిన ఖాళీ బీపీ మాత్రల అట్టను గది శుభ్రం చేసినామె పారేయకుండా, నిండు అట్టల పక్కనే వరుసగా సర్ది పెట్టింది.

గది విశాలమైనదే. కిటికీలోంచి టోక్యో స్టేషన్ వైపు పోయే రైళ్ళు కనిపించేవి, వాటిని చూస్తూ అమ్మ గంటలు గడిపింది. స్నానాల గదిలో తొట్టి వేరు, ఒళ్ళు రుద్దుకొని నీళ్ళు పోసుకునే చోటు వేరు. పాశ్చాత్య దేశాలలో కాగితంతో సరిపెట్టుకోవలసి వచ్చి విసిగిపోయిన మనవారికి, గోరువెచ్చని నీళ్ళు చిమ్మే ఇక్కడి టాయిలెట్ ఒక్కటే సగం ఖర్చుకు సమాధానం చెబుతుంది. అమ్మ తెచ్చుకున్న చిన్న కెటిల్ మాత్రం పనికిరాలేదు. అక్కడి కరెంటు 100 వోల్టులు కాబట్టి మన 230 వోల్టుల కెటిల్‌లో ఐదో వంతు వేడి కూడా పుట్టదు. గదిలో ఎలాగూ ఒకటి ఉంటుంది, మోసుకుపోవడం వృథా.

అసలు చిక్కు తిండి దగ్గర వచ్చింది. ఉదయపు బఫేలో (ఆ దేశంలో బఫేను "బైకింగు" అంటారు, 1958లో ఇంపీరియల్ హోటల్ స్కాండినేవియా పద్ధతిలో మొదలుపెట్టిన భోజనశాల పేరు నుంచి వచ్చిన మాట అది) పండ్లు, రొట్టెలు, పెరుగు, తెల్లన్నం ఉండటంతో ఇబ్బంది కలగలేదు. రెండో రోజు సాయంత్రం హోటల్‌లోనే ఉన్న జపాన్ భోజనశాలకు ముందు చెప్పకుండా వెళ్ళి, చేప, మాంసం, గుడ్డు లేని భోజనం కావాలన్నాం. వడ్డించే ఆమె ముఖంలో నవ్వు చెదరలేదు గాని, ఒక్కొక్క వంటకం పేరు మీద వేలు పెట్టి, ఇందులో దాషి ఉంది, ఇందులోనూ ఉంది అంటూ జాబితా చివరిదాకా వెళ్ళింది. దాషి అంటే ఎండబెట్టి పొగబట్టిన బొనిటో చేప తురుముతో చేసే చారునీరు. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూపులో, కూరలు ఉడికించడంలో, మన బజ్జీల్లాంటి టెంపురాతో ఇచ్చే పులుసులో, అన్నిటా అదే ఉంటుంది. కనిపించే చేపను పక్కకు తీయవచ్చు, నీళ్ళలో కలిసిపోయినదాన్ని తీయలేం కదా. ఆ రాత్రి ఉప్పుతో తినే కూరగాయల టెంపురాకు కూడా పిండిలో గుడ్డు ఉందని తేలడంతో అమ్మ తెల్లన్నం, ఊరబెట్టిన ముల్లంగి, మా సంచిలోని కందిపొడితో ముగించింది. అప్పటికప్పుడు రెండు కూరలు నూనెలో వేయించి ఇమ్మంటే, వంటవారిని అడిగి వచ్చి, క్షమించమని మూడుసార్లు వంగింది తప్ప కూర రాలేదు. అంత ధర తీసుకునే చోట ఆ మాత్రం సడలింపు ఉండవద్దా అని నాకు కోపం వచ్చిన మాట నిజం, ఇప్పటికీ ఆ అభిప్రాయం పూర్తిగా మారలేదు.

ఆ రాత్రే కన్సియర్జ్ (అతిథుల అవసరాలు చూసే హోటల్ ఉద్యోగి) దగ్గరకు వెళ్ళి, అమ్మ ఏమేమి తినదో, ఏమి తింటుందో కాగితం మీద రాసి ఇచ్చాను. ఉల్లి, వెల్లుల్లి తింటారా, తేనె ఫరవాలేదా, ఒకే నూనెలో చేప వేయించినా అభ్యంతరమా అని మా పురోహితులు కూడా అడగనన్ని ప్రశ్నలు అతడు అడిగాడు. మరునాడు సాయంత్రం కొంబు సముద్రపు నాచు, షిటాకే పుట్టగొడుగులతో తీసిన చారునీటితో, బౌద్ధ ఆలయాల షోజిన్ వంట పద్ధతిలో ఏడు చిన్న పాత్రలు వచ్చాయి. నువ్వులతో చేసిన తోఫు ఒకటి, లేత వెదురు మొలకలతో వండిన అన్నం ఒకటి అమ్మకు బాగా నచ్చాయి. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఇక్కడ అక్షరాలా చెల్లుతుంది, కాకపోతే ఒక రోజు ముందు అడగాలి. వారి ఆతిథ్యమంతా ముందుగా తెలిసినదాన్ని తయారుచేసి పెట్టడంలో ఉంది. గుమ్మంలో నిలబడి కొత్త కోరిక కోరితే ఆ యంత్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది.

మూడో రోజు మధ్యాహ్నం తొరనోమోన్‌లోని ఓకురా హోటల్‌కు కేవలం లాబీ కోసం వెళ్ళాం. 1962 నాటి భవనాన్ని 2015లో కూల్చినప్పుడు ఎందరో బాధపడ్డారు. 2019లో తెరిచిన కొత్త భవనంలో, నాటి లాబీ రూపకర్త యోషిరో తనిగుచి కుమారుడు యోషియో తనిగుచి తండ్రి గదిని తిరిగి నిర్మించాడు. రేకుల్లా అమర్చిన కుర్చీల మధ్య గుండ్రని బల్ల, పైనుంచి చూస్తే ఉమే (జపాన్ ప్లమ్) పువ్వులా ఉంటుంది. అమ్మకు అంతసేపు కూర్చోవడం విసుగనిపించింది.

క్యోటోకు బయలుదేరే ముందు రోజు ఉదయం పెద్ద పెట్టెలు రెండింటినీ తక్యుబిన్ అనే సామాను చేరవేసే సేవ ద్వారా అక్కడికి పంపించాం. ఒక్కో పెట్టెకు సుమారు 2,500 యెన్‌లు అయింది. ఫారం రాయడం మొదలు చీటీ అంటించడం దాకా హోటల్ వారే చూసుకున్నారు. క్యోటో వెళ్ళే షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు చోటు ముందే రిజర్వు చేయాలి కాబట్టి, పెద్దవారితో వెళ్ళేవారు ఈ ఖర్చుకు వెనకాడవద్దు.

గది ఖాళీ చేస్తూ అమ్మ నాకు చెప్పకుండా దిండు కింద వెయ్యి యెన్‌ల నోటు ఉంచింది. లాబీ దాటకముందే ఒక ఉద్యోగిని పరుగున వచ్చి, తెల్లని కవరులో పెట్టిన ఆ నోటును, మరచిపోయారంటూ రెండు చేతులతో అందించింది. అమ్మ చిన్నబుచ్చుకుంది. నేను స్టేషన్‌కు వెళ్ళే టాక్సీలో కూర్చుని, టోక్యో కన్సియర్జ్ నన్ను అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు వరుసగా రాసి క్యోటో హోటల్‌కు పంపాను. రెండు గంటల పావు ప్రయాణం ముగిసేసరికి వారి నుంచి మరో మూడు ప్రశ్నలు వచ్చి ఉన్నాయి.