వంద సెకన్లకో బండి: విక్టోరియా లైన్‌ని ఏళ్ళ తరబడి వాడాక

లండన్ అండర్‌గ్రౌండ్, అంటే అక్కడి భూగర్భ మెట్రో, ఎలా ఉంటుందని గుంటూరులో ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒక్క చోటు గురించే. అందులో ఒకటైన విక్టోరియా లైన్ ఉత్తరపు కొసన వాల్తమ్‌స్టో సెంట్రల్ స్టేషన్ ఉంది. ఆ స్టేషన్లోకి వచ్చే ముందు బండి ఒక లైను మీంచి పక్క లైను మీదికి మారే క్రాసోవర్ ఉంటుంది. దాన్ని తీసి కొత్తది వేశాక నా పొద్దుటి పూటల తీరే మారిపోయింది. టికెట్లు, జోన్లు, ఆయిస్టర్ కార్డు సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

వారెన్ స్ట్రీట్ దగ్గర ఆసుపత్రిలో నర్సుగా చేసినన్నాళ్ళూ, అంటే పదేళ్ళ పైమాటే, మా ఇల్లు వాల్తమ్‌స్టోలోనే. పొద్దున ఏడున్నరకి హ్యాండోవర్, అంటే రాత్రి డ్యూటీవాళ్ళ నుంచి పని అందుకోవడం. రాత్రంతా డ్యూటీ చేసిన పిల్ల కళ్ళు వాలిపోతూ తలుపు వైపే చూస్తుంటుంది. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆ అయిదు నిమిషాలూ ఆమె నిద్రలోంచి పోతాయి. అందుకే బండి ఎంత వేగంగా పోతుందన్నదాని కంటే, ఒకటి తప్పితే ఇంకోటి ఎంతసేపటికి వస్తుందన్నదే నాకు ముఖ్యం.

ఈ లైను 1968లో మొదలైనప్పటి నుంచీ బండి తనంతట తానే నడుస్తుంది. తలుపులు మూసి బటన్లు నొక్కడం వరకే డ్రైవరు పని. 2009లో కొత్త బండ్లు రావడం మొదలైంది, 2011 జూన్ ఆఖరుకి పాతవన్నీ పోయాయి. ఆ రెండేళ్ళూ పాత బండ్లకి పాత సిగ్నలింగు, కొత్త బండ్లకి కొత్త సిగ్నలింగు, రెండూ ఒకే పట్టాల మీద కలిసి పనిచేశాయంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ముందు ఎంత దూరం ఖాళీగా ఉందో కొత్త పద్ధతిలో బండికే తెలుస్తుంది. బ్రేకు ఎక్కడ పడాలో అదే లెక్క కట్టుకుని, ఆ చోటు వచ్చేదాకా వేగం తగ్గదు. 2013 నాటికి రద్దీ వేళల్లో గంటకి 33 బండ్లు నడిచాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా దీని గురించే చెప్పేదాన్ని.

అయితే ఆ బండ్లన్నీ మా దాకా వచ్చేవి కావు. కొన్ని మాకంటే ముందున్న సెవెన్ సిస్టర్స్ స్టేషన్ వరకు వచ్చి అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోయేవి. మా కొసన ఉన్న పాత క్రాసోవర్ మీద బండి నెమ్మదిగా పోవాల్సి వచ్చేది, అందుకని అన్నిటినీ అక్కడ తిప్పడం కుదిరేది కాదు. 2015 ఆగస్టులో సెవెన్ సిస్టర్స్ నుంచి వాల్తమ్‌స్టో దాకా మూడు వారాలు లైను మూసేసి ఆ క్రాసోవర్‌ని మార్చారు. పిల్లలకి సెలవులు, జనం తక్కువ ఉండే రోజులు చూసుకుని చేశారు. అయినా బస్సుల్లో, పైన వెళ్ళే రైళ్ళలో కిటకిటలాడుతూ వెళ్ళాం.

మా బాబాయి రైల్వేలో పట్టాల పని చేసి గుంటూరులో రిటైరయ్యాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే నా కష్టం ఆయన చెవికెక్కలేదు. "మూడు వారాలు బ్లాక్ ఇచ్చారా! మాకు నాలుగు గంటలు దొరికితే గొప్ప. సొరంగంలో పాత కాంక్రీటు పగలగొట్టాలి, కొత్తది పోసి గట్టిపడనివ్వాలి, బండిని పక్క లైనుకి మళ్ళించే పాయింట్లు సరిచూడాలి. రాత్రిళ్ళు మూడేసి గంటలు చేస్తే ఏళ్ళు పడుతుందే అమ్మాయ్" అన్నాడు. ఆ మాటతో ఆ మూడు వారాలూ నాకు కాస్త తేలికయ్యాయి.

2017 మే నుంచి రద్దీ వేళల్లో గంటకి 36 బండ్లు, అంటే వంద సెకన్లకొకటి. ఆ వేసవిలోనే బాబాయి, పిన్ని మా ఇంటికొచ్చారు. టవర్ బ్రిడ్జి చూపిస్తానంటే, ముందు మీ స్టేషన్ చూడాలన్నాడు. పొద్దున ఎనిమిదింటికి ప్లాట్‌ఫారం చివర నిలబడి, వాచీ చేతికి ఉన్నా విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. ఉన్నవి రెండే ప్లాట్‌ఫారాలు. ఒక బండి లోపలికొస్తుంది, పక్కది బయల్దేరుతుంది, దాని తోక క్రాసోవర్ దాటిందో లేదో ఇంకోటి సొరంగంలోంచి లైట్లేసుకుని వచ్చేస్తుంది. "సిగ్నళ్ళు ఎంత దగ్గర దగ్గరగా పెట్టినా, 133 మీటర్ల బండి మొత్తం ఈ పాయింట్లు దాటేదాకా రెండోది ఆగాల్సిందే. ఇక్కడ గబుక్కున దాటితేనే లైను మొత్తానికి ఊపిరి" అని చెప్పాడు.

ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ కట్టిపడేసింది డ్రైవర్లు మారే తీరు. బండి తెచ్చిన డ్రైవరు దాన్ని వెనక్కి తీసుకెళ్ళడు. అటు కొసన ఇంకో డ్రైవరు ముందే సిద్ధంగా ఉంటాడు, బండి ఆగగానే ఆ క్యాబిన్ ఎక్కేస్తాడు. దిగినతను ప్లాట్‌ఫారం పొడవునా నడిచి వెళ్ళి తరవాతి బండి అందుకుంటాడు. బాబాయి అరగంట సేపు కదల్లేదు. పిన్ని బెంచీ మీద కూర్చుని రెండుసార్లు పిలిచింది. ముప్పై ఏళ్ళకి పైగా పట్టాల మీద బతికిన మనిషి కళ్ళలో ఆ వెలుగు చూశాక, నేను రోజూ ఎక్కి దిగే చోటు విలువ నాకు తెలిసొచ్చింది.

మెచ్చుకున్నవాటికి కొన్ని సవరణలు కూడా చెప్పాలి. బండ్లు పెరిగితే బ్రేకులు పెరుగుతాయి, సొరంగంలో వేడికి బ్రేకులు ఒక పెద్ద కారణం. మే నెల గుంటూరు ఎండలో పెరిగినదాన్నే అయినా, గాలాడని ఆ ఉక్క వేరు. చప్పుడు ఇంకా పెద్ద సంగతి. పైన ఇళ్ళలోకి అదురు పోకుండా లండన్లో కొన్నిచోట్ల పట్టాల కింద మెత్తటి బిగింపులు వేశారు. వాటితో పైన ఇళ్ళవాళ్ళకి సుఖం, బండిలో కూర్చున్నవాళ్ళకి మోత. 2019లో విక్టోరియాతో కలిపి నాలుగు లైన్ల డ్రైవర్ల యూనియన్ ఈ చప్పుడు మీదే ఆందోళనకి దిగింది. నైట్ డ్యూటీ దిగి వచ్చే రోజుల్లో చెవుల్లో దూది పెట్టుకోకుండా నేను ఎక్కేదాన్ని కాదు.

ఇప్పుడు మేం గుంటూరు వచ్చేశాం. బెజవాడ మెట్రో మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో స్టేషన్ ఎక్కడొస్తుంది, స్థలం రేటు ఎంత పెరుగుతుంది అన్నదే చర్చ. పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి గన్నవరానికి ఒకటి, పెనమలూరుకి ఒకటి, మొత్తం 38.4 కిలోమీటర్లు అనుకున్నారు. నేనూ బాబాయీ మాత్రం పెనమలూరులో, గన్నవరంలో బండి ఎలా వెనక్కి తిరుగుతుందనే మాట్లాడుకుంటాం. అక్కడ పాయింట్లు ఏ వేగానికి వేస్తారో మొదట్లోనే అడగాలి. జనం పెరిగాక మార్చాలంటే వారాల తరబడి లైను మూయాల్సిందే.

ఇక నా మాట ఎంతవరకు మీకు పనికొస్తుందో మీరే చూసుకోండి. నాది చివరి స్టేషన్, ఖాళీ బండి ఎక్కేదాన్ని, కూర్చునే వెళ్ళేదాన్ని. దారి మధ్యలో ఫిన్స్‌బరీ పార్క్ స్టేషన్లోనో హైబరీలోనో పొద్దున ఎనిమిదిన్నరకి ఎక్కే మనిషికి గంటకి 36 బండ్లున్నా నిలబడే చోటు కోసం తోపులాట తప్పదు, వాళ్ళు నా అంత మెచ్చుకోకపోవచ్చు. మీ పిల్లలు ఆసుపత్రి డ్యూటీకో, నిమిషం తప్పకూడని ఉద్యోగానికో అక్కడికి వెళ్తుంటే వాల్తమ్‌స్టో వైపు ఇల్లు చూసుకోమని చెప్పండి. చప్పుడు పడనివాళ్ళయితే, లివర్‌పూల్ స్ట్రీట్‌కి పైనుంచి వెళ్ళే రైలు అదే స్టేషన్లో ఉంది. అది అంత తరచుగా రాదు, కానీ కిటికీలోంచి ఆకాశం కనిపిస్తుంది.