కాలిఫోర్నియా బాకీ కేసులు: రెడీమేడ్ ‘ఆపోజిషన్ ప్యాకెట్’ కొనేముందు జాగ్రత్త

క్రెడిట్ కార్డు బాకీ కేసులో అవతలివాళ్లు సమ్మరీ జడ్జ్‌మెంట్ మోషన్ (ట్రయల్ లేకుండానే తీర్పివ్వమని అడిగే దరఖాస్తు) వేశారు, లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు. అలాంటప్పుడు ఆన్‌లైన్‌లో కనబడే ‘ఆపోజిషన్ ప్యాకెట్’, అంటే ఆ మోషన్‌ని వ్యతిరేకిస్తూ వేసే కాగితాల కట్ట, కొనెయ్యకండి. పేరు, కేసు నంబరు నింపితే చాలంటారు గానీ, అలా వేసిన కాగితాలతో ట్రయల్ దాకా వెళ్లకుండానే ఓడిపోయే ప్రమాదం ఉంది.

గడువు దగ్గరే తేడా కొడుతుంది. హియరింగ్‌కి 14 రోజుల ముందు వేయాలన్నది పాత లెక్క. 2025 జనవరి 1 నుంచి అది 20 రోజులు. 14 అని రాసి ఉంటే ఆ ప్యాకెట్ పాతదే.

అసలు లోపం సెపరేట్ స్టేట్‌మెంట్, అంటే అవతలివాళ్లు చెప్పిన ఒక్కో సంగతికీ జవాబిచ్చే పట్టిక, లేకపోవడం. మోషన్‌తో పాటు నంబర్లు వేసిన పట్టిక వస్తుంది: ‘7. ప్రతివాది కార్డు వాడారు. ఆధారం: డిక్లరేషన్, పేజీ 3, లైన్లు 4–9’, ఇలా. దాన్ని అదే నంబరుతో ఎడమ గడిలో దించాలి. కుడి గడిలో ‘వివాదం లేదు’ లేదా ‘వివాదం ఉంది’ అని ఇంగ్లీషులో రాయాలి. ఉందన్న చోట మీ ఆధారం పేజీ, లైను చూపాలి. ఈ పట్టిక పెట్టలేదన్న ఒక్క కారణంతోనే జడ్జి మోషన్ ఒప్పుకోవచ్చు.

‘ఆన్సర్‌లో అన్నీ కాదన్నానుగా’ అంటే కుదరదు, ఆన్సర్ (దావాకి మీరిచ్చిన మొదటి జవాబు) సాక్ష్యం కాదు. మీకు స్వయంగా తెలిసిన సంగతులే డిక్లరేషన్‌లో (రాతపూర్వక వాంగ్మూలంలో) రాసి, కాలిఫోర్నియా చట్టం కింద అబద్ధమైతే శిక్షకు లోబడతానన్న వాక్యం, తేదీ, సంతకం పెట్టాలి. ప్యాకెట్లలో ఉండే ‘నాకు తెలిసినంతవరకు, నమ్మినంతవరకు’ ఇక్కడ చెల్లదు.

బాకీని కొనుక్కున్న కంపెనీ కేసు వేస్తే, బ్యాంకు నుంచి వాళ్లదాకా చేతులు మారిన ప్రతి కాగితంలో మీ ఖాతా ఉందో లేదో చూడండి. బ్యాంకు రికార్డుల గురించి కొన్నవాళ్ల ఉద్యోగికి ఎలా తెలుసని అభ్యంతరం రాసి పెట్టండి. హియరింగ్ అయ్యేలోపు చెప్పని అభ్యంతరం వదులుకున్నట్టే. కావలసిన కాగితాలు వాళ్ల దగ్గరే ఉండిపోతే, ఏవి, ఎందుకు కావాలో డిక్లరేషన్‌లో చెప్పి గడువు అడగొచ్చు.

ప్యాకెట్‌లోని ప్రతి తీర్పునీ వెతికి చదవండి. ఏఐ పుట్టించిన ఉల్లేఖనలు వాడినందుకు 2025లో అక్కడి అప్పీలు కోర్టు ఒక లాయర్‌కే 10,000 డాలర్ల జరిమానా వేసింది.

అవతలివాళ్లకి కాపీ మీరే పోస్టు చేస్తే చెల్లదు. 18 ఏళ్లు నిండి, కేసులో పార్టీ కానివాళ్లు పంపాలి. మీ ఆవిడ పేరు కేసులో లేకపోతే ఆవిడ పంపొచ్చు. మామూలు పోస్టు వద్దు, కోర్టులో వేసిన మర్నాటి పనిదినం ముగిసేలోగా చేరాలి.

డబ్బులిచ్చి కాగితాలు టైపు చేయించుకుంటే వాళ్ల కౌంటీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. న్యాయసలహా ఇచ్చే హక్కు వాళ్లకి లేదు. కౌంటీ కోర్టుల్లో సెల్ఫ్ హెల్ప్ సెంటర్ ఉచితం.

హియరింగ్‌కి ముందు కోర్టు పనిదినం మధ్యాహ్నం మూడింటికల్లా కోర్టు సైట్‌లో టెంటటివ్ రూలింగ్ (జడ్జి తాత్కాలిక నిర్ణయం) వచ్చిందేమో చూడండి. వాదిస్తామని సాయంత్రం నాలుగు లోపు కోర్టుకీ అవతలివాళ్లకీ చెప్పకపోతే, కొన్ని కోర్టుల్లో అదే తీర్పైపోతుంది.