ఏథెన్స్‌లో టికెట్ డాన్సు, సలామీనాలో ఊరి డాన్సు

గ్రీసు అనగానే సాంటోరినీ ఫొటోలు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ పని నేను చెయ్యను. పోయిన ఆగస్టులో మేం వెళ్లింది డాన్సులు చూడ్డానికి. మా ఆవిడ చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. ప్లానంతా ఆమెదే.

ఏథెన్స్‌లో కుకాకి అనే పేటలో దిగాం. లిఫ్టులో ఒక మనిషి, ఒక సూట్‌కేసు పడితే గొప్ప. ఏసీ నీళ్లు రాత్రంతా బకెట్‌లో టప్ టప్‌మని పడుతూనే ఉన్నాయి. అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను. డోరా స్ట్రాటూ థియేటర్ ఉన్న ఫిలోపాపు కొండకి అక్కణ్ణుంచి నడిచే పోవచ్చు.

డోరా స్ట్రాటూ అనే ఆవిడ 1953లో ఈ నృత్య బృందాన్ని పెట్టారు. 1965 నుంచి ఈ ఆరుబయట థియేటర్‌లో వేసవి ప్రదర్శనలు జరుగుతున్నాయి. ఊళ్లలో సేకరించిన దుస్తులే 2,000కు పైగా ఉన్నాయట. మేం డబ్బులు పెట్టి ముందు వరస తీసుకున్నాం. అది తప్పు. ఈ డాన్సుల్లో చూడాల్సింది ఒక్కో మనిషిని కాదు, చేతులు పట్టుకున్న గొలుసు వంగే తీరుని. అది పై వరసల నుంచే బాగా కనిపిస్తుంది. దోమల మందు మర్చిపోకండి.

కలమత్యానోస్ అనే గొలుసు డాన్సు మొదలవగానే మా ఆవిడ మోకాలి మీద తాళం వేస్తూ "తకిట తకధిమి, ఇది మిశ్రచాపు కదండీ!" అంది. నిజమే, మన మిశ్రచాపు తాళంలాగే దెబ్బలు మూడూ రెండూ రెండూ, మొత్తం ఏడు. ఆ తర్వాత నాకు డాన్సు కంటే లెక్కే ఎక్కువ కనపడింది.

మర్నాడు సలామీనా. పిరేయస్‌దాకా మెట్రో, పెరామాకి బస్సు, అక్కడ ఫెర్రీ. అవతల పలూకియాలో దిగడానికి పావుగంట. ఇది ఆర్వనైట్ల ద్వీపం. వాళ్ల పూర్వీకులు మధ్యయుగాల్లో అల్బేనియా వైపు నుంచి వచ్చారు, కానీ "మీరు అల్బేనియన్లా?" అని మాత్రం అడక్కండి. వాళ్ల లెక్కలో వాళ్లు గ్రీకులే. ఇంట్లో మాట్లాడే ఆర్వానిటికా బడిలో నేర్పరు. ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో యునెస్కో దాన్ని ఎప్పుడో చేర్చింది.

ఆ రాత్రి ఊరి సాంస్కృతిక సంఘం ప్రదర్శన. ఎనిమిదిన్నర అన్నారు, పది దాటింది. టికెట్ లేదు, ప్లాస్టిక్ కుర్చీలే. ఆడేవాళ్లలో మందుల షాపు అమ్మాయి ఉంది, బస్సు డ్రైవరు ఉన్నాడు. పగలు ఉద్యోగాలు, సాయంత్రాలు ప్రాక్టీసు. కాలి దాకా వేలాడే తెల్ల గౌను అంచున జానెడు వెడల్పు కుట్టుపని. దాన్ని "ఫూండి" అంటారు. ఒకమ్మాయి గౌనుకి మాత్రం అంచు పాతది, గుడ్డ కొత్తది. వాళ్లమ్మమ్మ గౌను చిరిగిపోతే అంచు కత్తిరించి దీనికి కుట్టారట. ఏథెన్స్ స్టేజీ మీద అంత దగ్గరగా ఏ కుట్టూ చూడలేకపోయాం.

ముందు కుర్చీలో ఒక పెద్దావిడ కూచుంది. అడుగు తప్పినప్పుడల్లా ఆర్వానిటికాలో కేకేసేది. ఒకసారి ఆ మందుల షాపు అమ్మాయి నవ్వేసి అడుగు సరిచేసుకుంది. తర్వాత "ఏమన్నారు?" అని అడిగాను. "మాటలు అర్థం కాలేదండీ, తప్పు ఏ కాలిదో మాత్రం తెలిసింది" అంది.

చివర్లో గొలుసు విప్పి మమ్మల్నీ కలుపుకున్నారు. మా ఆవిడ తట్టుకుంది. నేను రెండు చుట్లకే బయటపడి సువ్లాకీ (పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం) క్యూలో నిలబడ్డాను. అక్కడ శాకాహారులకి దొరికేది చిప్సే, తినేసి వెళ్లండి.

ఫెర్రీ రాత్రంతా ఉంటుంది, పెరామాలో బస్సే లేదు. టాక్సీ కోసం ముప్పావుగంట రోడ్డు మీద నిలబడ్డాం. ఆవిడ ఆ ముప్పావుగంటా ఏడు లెక్కపెడుతూనే ఉంది.