రిటైర్మెంట్ ఇల్లు, ప్రీ లాంచ్ రేటు: చెక్కు రాసే ముందు మాకు జరిగింది చదవండి

శంకర్‌పల్లి వైపు గానీ, ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) దాటాక ఇంకెటువైపైనా గానీ "సీనియర్ల కోసం ప్రత్యేక కమ్యూనిటీ" అంటూ ప్రీ లాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే, అమ్ముతున్న ఫ్లాట్ తీసుకోవాలని ఎవరైనా అనుకుంటుంటే, డబ్బు కట్టే ముందు ఇది చివరిదాకా చదవండి. మేం 27 లక్షల 60 వేలు కట్టాం. దాదాపు నాలుగేళ్లయింది. ఆ జాగాలో ఈరోజుకీ ఒక ఇనుప బోర్డు, దాని చుట్టూ తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు.

నేను గోదావరిఖనిలో సింగరేణి ఓవర్‌మ్యాన్‌గా రిటైరయ్యాను. 30 ఏళ్లు కంపెనీ క్వార్టర్‌లోనే ఉన్నాం. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ అక్కడే. సొంత ఇల్లు కావాలన్న ఆలోచన గట్టిగా వచ్చింది రిటైర్మెంట్ ముందు సంవత్సరమే, ఎందుకంటే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఎక్కడికి పోవాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. మంథని దగ్గర మా ఊళ్లో పెంకుటిల్లు ఉంది, కానీ రాత్రిపూట గుండెనొప్పి వస్తే కరీంనగర్ చేరేదాకా ఏంటి పరిస్థితి? హన్మకొండ బాగుంటుందని నా ఉద్దేశం. మా అమ్మాయి లింగంపల్లిలో ఉంటుంది, నా భార్యకు మోకాళ్ల నొప్పులు, కూతురికి దగ్గరగా ఉండాలని ఆమె కోరిక. చివరికి హైదరాబాద్ అనుకున్నాం. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. హైదరాబాద్‌లో ఎక్కడ, ఎలాంటి కాగితం మీద అన్నదాంట్లోనే మోసపోయాం.

గ్రాట్యుటీ, కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ చేతికొచ్చిన నెలలోనే ఫోన్ వచ్చింది. చేసింది బయటివాడు కాదు, నాతో ఒకే షిఫ్టులో 20 ఏళ్లు బొగ్గుబావిలోకి దిగినవాడు. నాకంటే రెండేళ్ల ముందు రిటైరయ్యి ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి ఏజెంటయ్యాడు. "అన్నా, నేను సుత తీసుకున్న. స్క్వేర్ ఫీట్ 2,400కే ఇస్తున్రు, మొత్తం ఒక్కసారే కట్టాలె. గిప్పుడు పోతే మళ్ల దొరకది" అన్నాడు. ఆ చుట్టుపక్కల రెడీగా ఉన్న ఫ్లాట్ల రేటు అప్పటికే అంతకు రెట్టింపు. ఆ తేడా చూసి నాకు అనుమానం రావాల్సింది, ఆశ వచ్చింది.

ఆదివారం ఏసీ బస్సులో సైట్ చూపించడానికి తీసుకెళ్లారు. మాలాంటి జంటలు పదిహేను దాకా ఉన్నాయి, అందరూ రిటైరైనవాళ్లే. ఒక సార్ లెక్చరర్, ఒకాయన ఆర్టీసీ డిపోలో పనిచేసినాయన, ఒకమ్మ స్టాఫ్ నర్సు. షామియానా కింద టిఫిన్ పెట్టి, రంగురంగుల బ్రోచర్ చేతికిచ్చారు. గుడి, క్లినిక్, చక్రాల కుర్చీకి ర్యాంపులు, బాత్రూముల్లో పట్టుకోవడానికి రాడ్లు, 24 గంటలు అంబులెన్స్ అని రాశారు. "ఓఆర్ఆర్ నుంచి 15 నిమిషాలు" అన్నారు. ఆదివారం ఉదయం ఏడున్నరకు ఖాళీ రోడ్డు మీద బస్సు పోయిన సమయం అది. తర్వాత ఒక సోమవారం సాయంత్రం మా అల్లుడి కారులో వెళ్తే 50 నిమిషాలు పట్టింది.

ఆ రోజు మొత్తం మీద పనికొచ్చే ప్రశ్న అడిగింది నా భార్య ఒక్కతే. "ఇంతమందికి నీళ్లు ఎక్కడికెల్లి వస్తయి?" అంది. మైకు పట్టుకున్న కుర్రాడు "అన్నీ ప్లాన్‌లో ఉన్నాయి ఆంటీ" అని ఇంకో విషయంలోకి వెళ్లిపోయాడు. నేను ఆమెను మళ్లీ అడగనివ్వలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

2022 జనవరిలో 1,150 చదరపు అడుగుల ఫ్లాట్‌కి మొత్తం కట్టేశాం. 23 లక్షల 60 వేలు చెక్కు, 4 లక్షలు నగదు. నగదుకి రసీదు లేదు. మాకిచ్చింది 100 రూపాయల స్టాంపు పేపర్ మీద ఒక ఎంవోయూ, అంటే రిజిస్టర్ చేయని ఒప్పంద పత్రం. ఆరు నెలల్లో అన్‌డివైడెడ్ షేర్ (ఆ భూమిలో మా వాటా) రిజిస్ట్రేషన్, మూడేళ్లలో తాళాలు అని అందులో రాశారు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ, ఇచ్చే నంబర్ అడిగితే "అప్లై చేశాం, వస్తుంది" అన్నారు. ఈ మాట వింటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

నాకు ఆలస్యంగా తెలిసిన చట్టం చెబుతాను. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోని ప్రాజెక్టు గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న ప్రాజెక్టు గానీ, రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం కూడా నేరం. అంటే ప్రీ లాంచ్ అన్న పేరు పెట్టి డబ్బు తీసుకోవడమే చట్టవిరుద్ధం. రిజిస్టరైన ప్రాజెక్టులో కూడా, అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసి దాన్ని రిజిస్టర్ చేయకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మా ఫ్లాట్ విషయంలో ఆ 10 శాతం 2 లక్షల 76 వేలు. మేమిచ్చింది నూటికి నూరు. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికి మాత్రమే వాడాలన్నది కూడా అదే చట్టం. మా చెక్కు పడింది కంపెనీ మామూలు కరెంట్ ఖాతాలో. ఇంకొకటి చాలామందికి తెలియదు: రెరా ప్రాజెక్టులు అమ్మే ఏజెంటుకు కూడా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. నా స్నేహితుడికి లేదు. అలాంటిది ఒకటి ఉంటుందని అతనికీ తెలియదు.

ఆరు నెలలు గడిచాయి, రిజిస్ట్రేషన్ లేదు. "ధరణిలో ప్రాబ్లం", "హెచ్ఎండీఏ ఫైలు కదలట్లేదు", "ఎలక్షన్ కోడ్" అని ప్రతిసారీ ఒక కారణం. (ధరణి అంటే ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్, హెచ్ఎండీఏ అంటే హైదరాబాద్ చుట్టుపక్కల నిర్మాణాలకు అనుమతులిచ్చే సంస్థ.) 2023 జులైలో పెద్ద వానలు పడ్డాక నేనొక్కడినే వెళ్లాను. మా టవర్ వస్తుందన్న చోట మోకాళ్ల లోతు నీళ్లున్నాయి. పక్కన బర్రెలు కాస్తున్న పెద్దాయన "ఇది చెరువు శిఖం సారూ. అలుగు పోస్తే ఇట్లనే ఉంటది" అన్నాడు. శిఖం అంటే చెరువు నిండితే మునిగే భూమి. ఎగువ వైపు భూమి ఎవరిదని అడిగితే "మాదే. అడ్వాన్సు ఇచ్చి పోయిన్రు, మళ్ల రాలే. పాస్‌బుక్ నా పేరు మీదనే ఉంది" అన్నాడు. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. కంపెనీకి రైతులతో ఉన్నది రిజిస్టర్ కాని ఒప్పందం. తమది కాని భూమిలో మాకు వాటా అమ్మారు. అన్‌డివైడెడ్ షేర్ రాసివ్వడానికి వాళ్ల దగ్గర భూమే లేదు.

ఇదంతా డబ్బు కట్టకముందే ఒక్క రోజులో తెలుసుకోగలిగేవాణ్ని. సర్వే నంబర్ అడిగి తీసుకుంటే పట్టాదారు ఎవరో ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. అప్పట్లో ధరణి, 2025 నుంచి భూ భారతి. అదే సర్వే నంబర్‌తో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయొచ్చు, నిషేధిత భూముల జాబితాలో, అంటే 22ఏ కింద ఉందేమో చూడొచ్చు. చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) మ్యాపులు హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఉంటాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక చెరువుల్లో కట్టిన ఇళ్లు కూలడం టీవీల్లో అందరం చూశాం. "హైడ్రా ఓఆర్ఆర్ లోపలికే, మనది బయట" అని కంపెనీ మనిషి ఒకతను నాకు ధైర్యం చెప్పాడు. హైడ్రా వచ్చినా రాకున్నా చెరువు ఎఫ్‌టీఎల్‌లో అపార్టుమెంటుకు అనుమతి రాదు.

ఆ వైపు కొనేవాళ్లు జీవో 111 సంగతి కూడా చూసుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కాపాడటానికి నిర్మాణాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన ఆ జీవోలో 84 గ్రామాలున్నాయి. మొయినాబాద్, శంషాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు చాలా ఊళ్లు ఇందులోకే వస్తాయి. 2022లో కొత్త జీవో వచ్చింది కాబట్టి ఇక అడ్డేమీ లేదని ఏజెంట్లు సులువుగా చెప్పేస్తారు. నోటిమాట వద్దు. ఆ సర్వే నంబర్ మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో హెచ్ఎండీఏ నుంచి కాగితం తెమ్మనండి.

ఫ్లాట్లకు బదులు ఇప్పుడు "ఫామ్ ప్లాట్" పేరుతో కూడా ఇదే వల వేస్తున్నారు. 5 గుంటలు, అంటే 605 గజాలు, అందులో చిన్న ఇల్లు, కూరగాయలు, మామిడిచెట్లు. రిటైరైనవాడికి అంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ 20 గుంటల కంటే తక్కువగా వ్యవసాయ భూమిని లేఅవుట్ అనుమతి లేకుండా ముక్కలు చేసి అమ్మడం చెల్లదని తెలంగాణ రెరా స్వయంగా హెచ్చరించింది.

ఇక ఇంకో విషయం. కంపెనీ నిజాయతీగా కట్టి ఇచ్చినా ఆ జాగాలో మేం బతకగలిగేవాళ్లమా అని ఇప్పుడు ఆలోచిస్తే, బతకలేకపోయేవాళ్లం. ప్రస్తుతం బీరంగూడలో అద్దెకుంటున్నాం. ఏ బ్రోచర్‌లోనూ లేనివి ఈ అద్దె ఇల్లే నేర్పింది. ఏప్రిల్ వచ్చేసరికి బోరు సన్నబడితే ట్యాంకర్ కోసం ఫోన్లు చేయాలి, అపార్టుమెంటు మెయింటెనెన్స్ ఒక్కసారిగా పెరుగుతుంది. మంజీరా నీళ్లు వచ్చే వీధికీ రాని వీధికీ నెల ఖర్చులో చాలా తేడా. నా భార్యకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు వెళ్లాల్సి వచ్చింది. ఆటో దొరికే చోటు ఇంటి నుంచి ఎన్ని అడుగులో అప్పుడు లెక్కపెట్టాను. రిటైరైనవాళ్లకు సింగరేణి ఇచ్చే మెడికల్ కార్డు చెల్లే ఆసుపత్రి ఎంత దూరం, రాత్రి పదకొండుకు మందుల షాపు తెరిచి ఉంటుందా, లిఫ్టు పాడైతే ఎన్నో అంతస్తు దాకా ఎక్కగలం, కరెంటు పోతే జనరేటర్ లిఫ్టుకు ఇస్తారా, బెడ్‌రూములకే ఇస్తారా... ఇవన్నీ ఉండి చూస్తేనే తెలుస్తాయి.

కాబట్టి మీరు ఏ ఏరియా అనుకుంటున్నారో అక్కడ ముందు అద్దెకు దిగండి. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఉండండి. ఏడాది అద్దె వృథా కదా అని మా బంధువులు అన్నారు. బీరంగూడలో మేం కట్టే అద్దె నెలకు 13 వేలు, ఏడాదికి లక్షా 56 వేలు. పోయిన 27 లక్షల పక్కన పెట్టి చూసుకోండి. మాతోపాటు మోసపోయిన లెక్చరర్ గారి బాధ ఇంకా పెద్దది. వనస్థలిపురంలో ఉన్న ఒక్క ఇల్లూ అమ్మి ఇందులో పెట్టారు. పాత ఇల్లు అమ్మిన లాభం మీద పన్ను మినహాయింపు కావాలంటే రెండేళ్లలో ఇంకో ఇల్లు కొనాలి, లేదా మూడేళ్లలో కట్టుకోవాలి. ఇల్లు రాలేదు, గడువు దాటింది. ఇప్పుడాయన ఆడిటర్ చుట్టూ తిరుగుతున్నారు.

మా కేసు సంగతి. కొన్నవాళ్లం 38 మందిమి కలిసి రెరాలో ఫిర్యాదు చేశాం, పోలీసుల ఆర్థిక నేరాల విభాగంలో కూడా ఇచ్చాం. డబ్బు వడ్డీతో సహా తిరిగి అడిగే హక్కు చట్టంలో ఉంది. కానీ ఆర్డర్ రావడం వేరు, డబ్బు రావడం వేరు. కంపెనీ కట్టకపోతే భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు కలెక్టర్ ద్వారా వసూలు చేయాలి, వాళ్ల పేరు మీద ఆస్తి దొరికితేనే. నగదుగా ఇచ్చిన 4 లక్షలకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు, దాన్ని ఫిర్యాదులో రాయడానికి కూడా వీల్లేకపోయింది.

నా స్నేహితుడి మీద నాకు కోపం ఉండేది. తర్వాత తెలిసింది, అతను తన కొడుకు పెళ్లికి దాచిన డబ్బు కూడా అందులోనే పెట్టాడని. కమిషన్ ఆశతో కాలనీలో ఇంకో 11 మందిని చేర్పించాడు. ఇప్పుడు గోదావరిఖని పోవడానికే మొహం చెల్లడం లేదంటాడు. కంపెనీవాళ్లు ఇలాంటి మనుషులనే వెతికి ఏజెంట్లుగా పెట్టుకుంటారు. సింగరేణి కాలనీల్లో, ఆర్టీసీ, బ్యాంకు, టీచర్ల రిటైర్మెంట్ ఫంక్షన్లలో చూడండి, శాలువా కప్పిన వారం లోపే ఫోన్ వస్తుంది. ఫోన్ చేసినవాడు మంచివాడే కావచ్చు. మీరు చూడాల్సింది అతన్ని కాదు, రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేరును. అక్కడ నంబర్ కొడితే అనుమతులు, స్థలం వివరాలు, పూర్తి చేయాల్సిన తేదీ కనిపించాలి. కనిపించకపోతే టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వకండి, పదివేలే కదా అని కూడా ఇవ్వకండి.

ఇప్పటికే కట్టినవాళ్లుంటే ఎంవోయూ, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, బ్రోచర్, ఏజెంటు వాట్సాప్ మెసేజులు ఏవీ పారేయకండి, ఫోన్ మార్చే ముందు అన్నీ బ్యాకప్ తీసుకోండి. బ్రోచర్ మీద రెరా నంబర్ లేకపోవడమే మా ఫిర్యాదులో గట్టి ఆధారమైంది. ఫిర్యాదు ఎలా రాయాలో, ఏ కాగితాలు జతచేయాలో కింద అడగండి. వచ్చే వాయిదా దాకా నాకు వేరే పనేమీ లేదు, తెలిసినంతవరకు ప్రతి ఒక్కరికీ జవాబు రాస్తాను.