నా తుంటి, నాలుగు స్క్రూలు: ఆపరేషన్ అయిన ఆరేళ్లకి

నాకు 27 ఏళ్లప్పుడు కుడి తుంటికి పీఏఓ (తుంటి కీలు గిన్నెను కోసి, తిప్పి సరిచేసే) ఆపరేషన్ అయింది. అంతకుముందు మూడేళ్లు గజ్జల్లో పోటు. బస్సులో గంట కూర్చుని లేస్తే నాలుగడుగులు కుంటేదాన్ని. నడుము నరమంటూ నడుముకే మందులు వాడించారు. నిలబెట్టి తుంటికి ఎక్స్‌రే తీశాక గానీ అసలు సంగతి తేలలేదు: కీలులో గిన్నె లోతు తక్కువ, తొడ ఎముక బంతిని సగమే కప్పుతోంది. ఆ కప్పే కోణం 25 డిగ్రీలైనా ఉండాలి, నాకు 14.

"కీలు మార్పించేసుకుంటే పోలా?" అంది అమ్మ. ఆ వయసులో కృత్రిమ కీలు పెడితే అది అరిగాక మళ్లీ మార్చాలి. నా మృదులాస్థి ఇంకా బాగానే ఉంది కాబట్టి సొంత కీలునే కాపాడుకోవచ్చన్నారు. 1984లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ బృందం మొదలుపెట్టిన పద్ధతి ఇది. గిన్నె చుట్టూ ఎముక కోసి, బంతి మీదికి తిప్పి, స్క్రూలు బిగిస్తారు.

మొదటి వారం నరకం, దాచడానికేం లేదు. మంచం మీద కాలు పక్కకి జరపాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. ఎనిమిది వారాలు చంక కర్రలే, ఆ కాలి మీద బరువు మోపకూడదు. కుంటు పూర్తిగా పోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఫిజియోథెరపీ మానేసిన నెలలో మళ్లీ వచ్చింది కూడా.

ఇప్పుడు ఐదు కిలోమీటర్లు నడుస్తాను, గజ్జల్లో ఆ పోటు లేదు. బాసింపట్టు వేసుకుని పావుగంట కూర్చోగలను, ఆపైన పట్టేస్తుంది. ముగ్గు పీట మీద కూర్చునే వేస్తాను. తొడ బయటి వైపు అరచేయంత మేర ఇప్పటికీ మొద్దుబారే ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకునేటప్పుడు ఒక స్క్రూ గుచ్చుకుంటుంది, తీయించుకోవడానికి మాత్రం మనసొప్పడం లేదు. మళ్లీ కోతా?

ఇది జీవితాంతం ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బెర్న్‌లో తొలినాళ్ల ఆపరేషన్లలో 20 ఏళ్ల తర్వాత వందలో అరవై తుంటులు నిలిచాయి, 30 ఏళ్లకి సుమారు 29. అప్పటికే అరుగుదల మొదలైనవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. అయినా 57 ఏళ్లకి కీలు మార్పిడి అంటే నాకు భయం లేదు. 27కి అంటే ఉండేది.

ఎడమ గిన్నె కూడా కాస్త లోతు తక్కువే. నొప్పి లేదు, అందుకని ప్రస్తుతానికి ఏడాదికో ఎక్స్‌రేతో సరిపెడుతున్నాం.