మా బేర్స్‌కి ఏది మేలు: 2022 దారా, 2025 దారా?

ర్యాన్ పోల్స్ 2022 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్‌కి జనరల్ మేనేజర్ అయ్యాడు, అంటే కోచ్‌నీ ఆటగాళ్లనీ ఎంచుకునేవాడు. అప్పటికి జట్టులో జస్టిన్ ఫీల్డ్స్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) ఉన్నాడు. పాత యాజమాన్యం 2021 డ్రాఫ్ట్‌లో (జట్లు రౌండ్ల వారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట; ఒక్కో వంతు ఒక్కో పిక్) ముందుకి జరిగి మరీ 11వ పిక్‌తో అతన్ని తెచ్చుకుంది. మూడేళ్ల తర్వాత, 2025 జనవరిలో, అదే పోల్స్ చేతిలో మరో కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు: 2024 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్, కేలెబ్ విలియమ్స్. రెండుసార్లూ సీజన్ చెడిపోయింది, రెండుసార్లూ కొత్త హెడ్ కోచ్ కావాలి, క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి కాపాడే అయిదుగురి లైన్‌కి మరమ్మతు కావాలి. పోల్స్ మాత్రం రెండుసార్లు రెండు రకాలుగా వెళ్లాడు. మొదటిసారి డిఫెన్స్ (ఎదుటి జట్టుని ఆపే వైపు) కోచ్‌ని తెచ్చి, లైన్ సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు. రెండోసారి అఫెన్స్ (దాడి చేసే వైపు) కోచ్‌ని తెచ్చి, లైన్‌నే అన్నిటికన్నా ముందు పెట్టాడు.

ఈ రెండిట్లో ఏది మేలన్నది మా ఇంట్లో తెగని వాదన. మా బావ 2022 దారిలో తప్పేం లేదంటాడు, దాన్ని నడిపించడం చేతకాలేదంతే అంటాడు. నేను ఒప్పుకోను. చేతిలో కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఉన్నప్పుడు ఆ దారి మొదటి అడుగులోనే తప్పు అని నా నమ్మకం. అయితే బావ మాటలో నిజం ఉన్నచోట దాన్ని కాదనను.

ముందు 2022 సంగతి. హెడ్ కోచ్‌గా మాట్ ఎబర్‌ఫ్లూస్ వచ్చాడు, కోల్ట్స్ డిఫెన్స్‌ని నడిపినవాడు. అఫెన్స్ బాధ్యత ప్యాకర్స్ నుంచి తెచ్చిన ల్యూక్ గెట్సీకి అప్పగించారు. డిఫెన్స్ స్టార్ కలీల్ మాక్‌ని ఛార్జర్స్ జట్టుకి ట్రేడ్ చేశారు. ఫీల్డ్స్ కోసం 2022 మొదటి రౌండ్ పిక్ ముందే చేజారింది కాబట్టి పోల్స్‌కి తొలి అవకాశం 39వ పిక్. దాంతో కార్నర్‌బ్యాక్ కైలర్ గార్డన్‌ని, 48వ పిక్‌తో సేఫ్టీ జక్వాన్ బ్రిస్కర్‌ని తీసుకున్నాడు. ఇద్దరూ డిఫెన్స్ వాళ్లే, ఇద్దరూ మంచి ఆటగాళ్లే. లైన్‌కి నలుగురిని తీసుకున్నాడు గానీ అందరూ అయిదో రౌండ్‌లోనో ఆ తర్వాతో దొరికినవాళ్లే.

2021 సెప్టెంబర్‌లో క్లీవ్‌లాండ్ మీద ఫీల్డ్స్ మొదటిసారి స్టార్టర్‌గా దిగిన రోజు అతన్ని తొమ్మిదిసార్లు శాక్ చేశారు. అంటే తొమ్మిదిసార్లు బంతి విసిరేలోపే పడగొట్టారు. శాక్‌ల నష్టం తీసేస్తే ఆ రోజు మా జట్టు పాసింగ్‌లో మిగిలింది ఒక్క గజం. అది చూసి కూడా ఏడాది తిరిగేసరికి లైన్‌ని అయిదో రౌండ్‌కి వదిలేశారంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2022లో ఫీల్డ్స్ 55 సార్లు శాక్ అయ్యాడు. 1,143 గజాలు పరిగెత్తి రికార్డుల దగ్గరిదాకా వెళ్లాడని అందరూ మెచ్చుకున్నారు. అందులో చాలా పరుగులు ముందున్న గోడ కూలిపోతే ప్రాణం కాపాడుకోవడానికి తీసినవే. జట్టు 3-14తో, అంటే మూడు గెలుపులు, పద్నాలుగు ఓటములతో ముగిసింది.

బావ ఇక్కడే అడ్డం పడతాడు. "ఆ 3-14 వల్లే కదా 2023 మొదటి పిక్ వచ్చింది? దాన్ని కరొలైనాకి ఇస్తేనే కదా బంతులందుకునే డీజే మూర్ వచ్చాడు, ఆ తర్వాతి ఏడాది వాళ్ల మొదటి రౌండ్ పిక్ వచ్చింది, అదే కేలెబ్ అయింది?" అంటాడు. నిజమే, కాదనలేను. పాత ఇల్లు పడగొట్టి స్థలం చదును చేయడం వరకే చూస్తే 2022 దారి పనిచేసింది. జీతాల భారం తగ్గింది, పిక్‌లు పోగయ్యాయి. అసలు క్వార్టర్‌బ్యాకే లేని జట్టయితే నేనూ ఆ దారికే ఓటేస్తాను. మాకు మాత్రం ఫీల్డ్స్ ఉన్నాడు. పడగొడుతున్న ఇంట్లోనే ఆ కుర్రాణ్ణి కాపురం పెట్టించారు. 2024 మార్చిలో అతన్ని స్టీలర్స్‌కి పంపేస్తే బదులుగా దక్కింది ఆరో రౌండ్ పిక్, అదీ షరతులతో. అతనికి సరైన లైన్ ఇచ్చి ఉంటే ఏమయ్యేవాడో ఎప్పటికీ తేలదు. నాకున్న బాధ అదే.

ఆ దారిలోనే ఇంకో దెబ్బ 2022 నవంబర్‌లో తగిలింది. బంతి అందుకునే రిసీవర్ చేజ్ క్లేపూల్ కోసం రెండో రౌండ్ పిక్ ఇచ్చారు, అది చివరికి 32వ పిక్ అయింది. ఏడాది తిరక్కుండానే అతన్ని మయామీకి పంపేశారు. దీన్ని గుర్తుపెట్టుకోండి, 2025 ధరలతో పోల్చేటప్పుడు అక్కరకొస్తుంది.

ఇప్పుడు కోచ్ విషయం. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. డిఫెన్స్ నుంచి వచ్చిన హెడ్ కోచ్ దగ్గర క్వార్టర్‌బ్యాక్ చదువంతా అఫెన్సివ్ కోఆర్డినేటర్ చేతిలో ఉంటుంది. ఆ కోఆర్డినేటర్ బాగా చేస్తే ఇంకో జట్టు హెడ్ కోచ్‌గా ఎగరేసుకుపోతుంది, బాగా చేయకపోతే సొంత జట్టే తీసేస్తుంది. రెండు విధాలా కుర్రాడికి పలక మారుతుంది, మళ్లీ అ ఆ ల నుంచి మొదలు. మా దగ్గర అదే జరిగింది. 2023లో 7-10 వచ్చాక ఎబర్‌ఫ్లూస్‌ని ఉంచి గెట్సీని తీసేశారు. షేన్ వాల్డ్రన్‌ని తెచ్చారు. కేలెబ్ మొదటి సీజన్ తొమ్మిది ఆటలు దాటగానే వాల్డ్రన్‌నీ తీసేసి థామస్ బ్రౌన్‌కి ఇచ్చారు. ఇరవై మూడేళ్లు నిండీ నిండని కుర్రాడు లీగ్‌లో మొదటి ఏడాదే ఇద్దరి భాష నేర్చుకోవాల్సి వచ్చింది.

బావ బఫలోని చూపిస్తాడు. అప్పటి హెడ్ కోచ్ షాన్ మెక్‌డెర్మట్ డిఫెన్స్ నుంచి వచ్చినవాడు, అయినా అక్కడి క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ 2024లో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు కదా అని. మంచి ఉదాహరణే. ఐతే అక్కడ కూడా అఫెన్సివ్ కోఆర్డినేటర్ బ్రయన్ డేబల్ హెడ్ కోచ్‌గా జెయింట్స్‌కి వెళ్లిపోయాడు, తర్వాత వచ్చిన కెన్ డోర్సీని సీజన్ మధ్యలో తీసేశారు. అన్ని మార్పులనీ అలెన్ తట్టుకున్నాడు. ప్రతి కుర్రాడూ అలెన్ అవుతాడనుకుని జట్టు కట్టకూడదు.

2024 థ్యాంక్స్‌గివింగ్ రోజు డెట్రాయిట్‌లో జరిగింది మా ఇంట్లో ఎవరమూ మర్చిపోలేదు. 23-20తో వెనకబడి ఉన్నాం. ఒక టైమవుట్ చేతిలో ఉంది. ఫీల్డ్ గోల్ కొట్టి సమం చేసే దూరానికి దగ్గర్లో ఉన్నాం. అర నిమిషం పైచిలుకు మిగిలుండగా కేలెబ్‌ని శాక్ చేశారు. గడియారం ఆగలేదు. ఆటగాళ్లు లేచారు, అటూ ఇటూ చూసుకున్నారు, వరసలో నిలబడటానికి తంటాలు పడ్డారు. సోఫాలోంచి లేచి బావ టీవీ ముందు రెండు చేతులతో టీ ఆకారం చూపిస్తూ "టైమవుట్, టైమవుట్!" అని అరుస్తున్నాడు. ఆరు సెకన్లుండగా బంతి కదిలింది, కేలెబ్ రోమ్ ఒడూన్జే వైపు దూరంగా విసిరాడు, అందలేదు, సమయం అయిపోయింది. టైమవుట్ అలాగే మిగిలింది. మర్నాడు ఎబర్‌ఫ్లూస్‌ని తీసేశారు. బేర్స్ చరిత్రలో సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ని పంపేయడం అదే మొదలు. ఆ రోజు సైడ్‌లైన్ మీద అఫెన్స్ గడియారాన్ని తన సొంత గడియారంగా చూసే మనిషి హెడ్‌సెట్ పెట్టుకుని ఉంటే ఆ టైమవుట్ పడేదని నా అభిప్రాయం. అది ఒక్కరి పొరపాటు, దానికీ డిఫెన్స్ కోచ్ కావడానికీ సంబంధం లేదని బావ వాదన. మిగతా అన్నిటికన్నా మేం ఎక్కువసేపు వాదించుకున్నది దీని గురించే.

ఆ సీజన్ 5-12తో ముగిసింది, మధ్యలో వరసగా పది ఓటములు. కేలెబ్ 68 సార్లు శాక్ అయ్యాడు. నవంబర్‌లో పేట్రియట్స్ ఒక్కరోజే తొమ్మిదిసార్లు పడగొట్టారు. మూడేళ్ల కింద క్లీవ్‌లాండ్‌లో ఫీల్డ్స్‌కి పడిన లెక్క కూడా అదే తొమ్మిది.

అప్పుడు 2025 దారి పట్టారు. జనవరిలో డెట్రాయిట్ నుంచి బెన్ జాన్సన్ వచ్చాడు. మూడు సీజన్లు లయన్స్ అఫెన్స్‌ని నడిపి, చివరి ఏడాది 15-2 చూసినవాడు. ప్రతిసారీ ఏ ఆట ఆడాలో తనే చెబుతాడు. అతను గెలిస్తే ఎవరూ ఎగరేసుకుపోలేరు, ఎందుకంటే హెడ్ కోచ్ తనే. డిఫెన్స్‌ని హెడ్ కోచ్‌గా చేసిన అనుభవమున్న డెనిస్ అలెన్‌కి ఇచ్చారు.

మార్చిలో లైన్ మధ్యలోని మూడు స్థానాలనూ (ఇద్దరు గార్డ్‌లు, వాళ్ల నడుమ సెంటర్; రెండు చివరలా ఉండేవాళ్లు టాకిల్‌లు) మార్చేశారు. చీఫ్స్ నుంచి లెఫ్ట్ గార్డ్ జో థూనీ, నాలుగు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనళ్లు) గెలిచినవాడు, 2026 నాలుగో రౌండ్ పిక్‌కి వచ్చాడు. రామ్స్ నుంచి జోనా జాక్సన్ ఆరో రౌండ్ పిక్‌కి వచ్చాడు, డెట్రాయిట్‌లో జాన్సన్ దగ్గర ఆడినవాడే. ఫాల్కన్స్ నుంచి సెంటర్ డ్రూ డాల్మన్‌కి మూడేళ్లకి 4.2 కోట్ల డాలర్లు. క్లేపూల్ ఒక్కడికి రెండో రౌండ్ పిక్ ఇచ్చినచోట, ఇద్దరు గార్డ్‌లు నాలుగు, ఆరు రౌండ్ల పిక్‌లకే దొరికారు.

థూనీ ఏం చేస్తాడో తెలియాలంటే బంతిని చూడకూడదు, అతని చేతుల్ని చూడాలి. ఎదుటి డిఫెన్స్ వాళ్లకి ఒక ఎత్తుగడ ఉంది: లోపలున్నవాడు బయటికి దూసుకొస్తాడు, బయటున్నవాడు అతని వెనక నుంచి చుట్టుతిరిగి లోపలికి వస్తాడు. 2024లో మా గార్డ్‌లు మొదటివాడి వెంట పడి వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల వెనక తలుపంత సందు తెరుచుకునేది, రెండోవాడు అందులోంచి నేరుగా కేలెబ్ మీదికి. థూనీ మొదటివాణ్ణి ఒక అరచేత్తో పక్కనున్న టాకిల్ వైపు నెట్టి అప్పగిస్తాడు. పాదం చిన్నగా ఒక్క అడుగు వెనక్కి. కళ్లు అప్పటికే చుట్టుతిరిగి వచ్చేవాడి మీద ఉంటాయి. రెండోవాడు వచ్చేసరికి ఆ సందులో థూనీ నిలబడి ఉంటాడు. రీప్లేలో ఆపి ఆపి చూస్తే తప్ప ఏమీ జరగలేదనిపిస్తుంది. కేలెబ్ మాత్రం తీరిగ్గా నిలబడి విసురుతుంటాడు.

డ్రాఫ్ట్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 10వ పిక్‌తో టైట్ ఎండ్ కాల్స్టన్ లవ్‌లాండ్, 39తో రిసీవర్ లూథర్ బర్డెన్, 56తో టాకిల్ ఆజీ ట్రపీలో. మొదటి మూడూ అఫెన్సే. 2022తో పోలిస్తే పూర్తిగా తలకిందులు.

మొదట్లో నాకూ గుబులు పుట్టింది. మొదటి ఆట వైకింగ్స్‌కి ఓడిపోయాం, రెండోది డెట్రాయిట్‌లో 52-21తో. ఆ రాత్రి బావ ఫోన్ చేసి ఒక్క ముక్క అన్నాడు, "డిఫెన్స్‌ని గాలికొదిలేశారు, చూశావా?" నా దగ్గర జవాబు లేదు. తర్వాత సీజన్ 11-6కి చేరింది, మా డివిజన్‌లో మొదటి స్థానం మాదైంది. కేలెబ్ శాక్‌లు 68 నుంచి 24కి దిగాయి. 3,942 గజాలు విసిరి 1995 నాటి ఎరిక్ క్రేమర్ జట్టు రికార్డు దాటాడు. నిండా నూరేళ్లు దాటిన ఈ జట్టులో ఒక సీజన్‌లో 4,000 గజాలు విసిరినవాడు ఇప్పటికీ లేడు, అంత దగ్గరికి వచ్చినవాడూ లేడు. ప్లేఆఫ్స్‌లో ప్యాకర్స్ మీద హాఫ్‌టైమ్‌కి 21-3తో వెనకబడి 31-27తో గెలిచాం. తర్వాతి వారం ఓవర్‌టైమ్‌లో రామ్స్‌కి 20-17తో ఓడిపోయాం. ఆ ఓటమి ఇంకా గుచ్చుకుంటోంది.

శాక్‌లు తగ్గిన ఘనతంతా కొత్త లైన్‌దే అనను. 2024లో కొన్ని కేలెబ్ తనంతట తను బంతి పట్టుకుని ఆలస్యం చేసి తెచ్చుకున్నవే. రెండో ఏడాది అతను మెరుగయ్యాడు, జాన్సన్ ఆట కూడా అతనికి దారి చూపించింది. నిలబడటానికి చోటు దొరికాకే ఆ మెరుగు బయటికొచ్చిందని మాత్రం నా నమ్మకం.

2025 దారికి ఖర్చు లేకపోలేదు. 2025 సీజన్‌లోనే థూనీకి 33 ఏళ్లు నిండాయి. డబ్బు మధ్య లైన్‌కి వెళ్లిపోయింది. డిఫెన్స్ బంతులు లాక్కోవడంలో అదరగొట్టినా, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీద ఒత్తిడి సరిపోలేదు. బట్కస్, సింగిల్‌టరీ, అర్లాకర్ లాంటి పాత డిఫెన్స్ వీరుల పేర్లతో పెరిగిన అభిమానులకి అది చూస్తుంటే మనసొప్పదు. బావ బాధ నాకు అర్థమవుతుంది.

అన్నిటికన్నా పెద్ద లోటు లెఫ్ట్ టాకిల్. మధ్యలో ముగ్గురిని కొని, కేలెబ్ వెనకవైపు కాపలా కాసే ఆ స్థానాన్ని పోటీకి వదిలేశారు. 2022 నాటి అయిదో రౌండ్ కుర్రాడు బ్రాక్స్టన్ జోన్స్‌తో సీజన్ మొదలైంది, తర్వాత థియో బెనెడెట్ వచ్చాడు, చివరికి ట్రపీలో కుదురుకున్నాడు. కుదురుకున్న ట్రపీలోకి ప్యాకర్స్ మీద ఆ ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది. బావ ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి అంచు నుంచి దూసుకెళ్లే ఎడ్జ్ రషర్ కావాలంటాడు, నేను డిఫెన్స్‌కి ఒక్క డాలర్ పెట్టే ముందు లెఫ్ట్ టాకిల్ చూడమంటాను. లైన్ ముందు అని మొదలుపెట్టిన పని 2025 సీజన్ ముగిసేసరికి ఒక మనిషి దూరంలో ఆగిపోయింది.