కోటిపల్లి రేవు నుంచి అంతర్వేది దాకా, రాత్రిళ్ళు టామ్రియల్‌లో

సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి ఆఖర్లో నేనూ మా పిన్ని కొడుకూ నాలుగు రోజులు కోనసీమ తిరిగొచ్చాం. వాడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, పుట్టి పెరిగింది ముక్తేశ్వరం పక్కనే అయినా దిండి ఎప్పుడూ చూళ్ళేదు, అంతర్వేది కూడా చిన్నప్పుడు తీర్థానికి వెళ్ళిందే. నేను హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నే రాజమండ్రిలో దిగితే స్టేషన్ బయటే ఉన్నాడు, టీ తాగామో లేదో మొదలెట్టేసాడు, "అన్నయ్యా, డాగర్‌ఫాల్ మ్యాప్ ముందు నీ మారోవిండ్ ఎంత? అరచేతిలో పట్టేంత. దాన్ని పట్టుకుని అంత పెద్ద గేమంటావేంటి?" అని. ఈ వాదన ఫోన్లో మూడు నెలల్నించి నడుస్తోంది మాకు.

ఈ ఎల్డర్ స్క్రోల్స్ గేముల సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బెథెస్డా అనే అమెరికా కంపెనీ తీసే సిరీస్, టామ్రియల్ అని ఒక ఊహాలోకం, మొదటి గేములో అదంతా, ఆ తర్వాత ఒక్కో గేములో అందులో ఒక్కో భాగం. 1994లో అరీనా, 1996లో డాగర్‌ఫాల్, 2002లో మారోవిండ్, 2006లో ఒబ్లివియన్, 2011లో స్కైరిమ్. అరీనా పక్కనపెట్టి మిగతా నాలుగూ లాప్‌టాప్‌లో ఎక్కించుకొచ్చా. ఎక్కడ దిగితే అక్కడ రాత్రి ఒకటి ఆడాలి, వాదన అక్కడే తేల్చుకోవాలి, అదీ మా ఒప్పందం.

మొదటి రాత్రి రాజమండ్రిలో, స్టేషన్‌కి దగ్గర్లో ఒక లాడ్జి. రూము శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే, కానీ 24 గంటలూ వేణ్ణీళ్ళు అని బోర్డు పెట్టి పొద్దున గంటసేపే ఇచ్చారు, అడిగితే అంతేనండీ అన్నారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఈ ముక్క ముందే అడిగి దిగండి. సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ మీదకెళ్ళాం. గోదారి గౌతమీ వసిష్ఠలుగా చీలేది ఇక్కడే, కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేసిందీ ఇక్కడే, ఇప్పుడు మనం తిరిగే బ్యారేజీ తర్వాత కట్టింది. ఈ నీళ్ళే కాలవల్లోకి, అక్కణ్ణించి బోదెల్లోకి, బోదెల్లోంచి మీ దాళ్వా చేలోకి వస్తాయిరా అని నేను చూపిస్తుంటే వాడు ఫోన్లో డాగర్‌ఫాల్ మ్యాప్ పెద్దది చేసి నాకు చూపిస్తున్నాడు.

సైజు దగ్గర వాడి మాట కాదనడానికి లేదు. లెక్కగట్టినవాళ్ళు చెప్పేది సుమారు 1,61,600 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం దాదాపు అంతే. అంటే శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా ఉన్న రాష్ట్రమంత నేలని ఒక్క గేములో పెట్టేసారు, అదీ 1996లో. ఊళ్ళూ గుళ్ళూ కోటలూ గుహలూ అన్నీ కలిపి 15,000 పైనే. ఇన్ని ఎవరూ చేత్తో కట్టలేరు కదా, చాలా మటుకు కంప్యూటరే ముక్కలు అతికించుకుంటూ పోయింది, అసలు కథకి కావాల్సిన కొన్ని గుహలు మాత్రం మనుషులు కూర్చుని కట్టారు.

ప్రయాణం సదుపాయాలు చూస్తే మాత్రం ఈ సిరీస్‌లో ఇంత బాగా మళ్ళీ ఏ గేములోనూ పెట్టలేదు, ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటా. ఊరు ఎంచుకోగానే అడుగుతుంది, జాగ్రత్తగా వెళ్తావా తొందరగా వెళ్తావా, సత్రాల్లో దిగుతావా ఆరుబయట పడుకుంటావా, నేలమీదా ఓడమీదా అని, దాన్ని బట్టి ఇన్ని రోజులు ఇంత ఖర్చు అని చూపిస్తుంది. సత్రంలో రోజుల లెక్కన రూము, బ్యాంకులో అప్పు, ఇల్లు కొనుక్కోవచ్చు, ఓడ కూడా కొనుక్కోవచ్చు, పొద్దుపోయాక వెళ్తే గోడ ఉన్న పట్నాలకి తలుపులు మూసేసి ఉంటాయి. చేసే పనికి గడువుంటుంది కాబట్టి ఈ లెక్క నిజంగానే వేసుకోవాలి. కానీ ఊరికీ ఊరికీ మధ్య ఏముంది అంటే ఏమీ లేదు. నేను పట్టుబట్టి గుర్రం మీద పావుగంట తోలించా వాడిచేత, చెట్లు, గడ్డి, మళ్ళీ చెట్లు. చివరికి విసుగొచ్చి మ్యాప్ తెరిచి నొక్కేసాడు. వెళ్ళిన ఊళ్ళో అంతకుముందు ఊళ్ళో చూసిన ఇళ్ళే. ఇంకోటి, ఆ రాత్రి వాడు నీళ్ళ సీసా కోసం కిందకెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఒక అంతస్తు తక్కువెక్కి వేరేవాళ్ళ తలుపు కొట్టాడు, లాడ్జిలో అంతస్తులన్నీ ఒకేలా ఉన్నాయి, అదే కారిడారు, అదే కుర్చీ, అదే బకెట్టు. వచ్చి మంచం మీద కూర్చుని "సరేలే, ఈ ముక్క నువ్వన్నదే" అన్నాడు.

రెండో రోజు. రావులపాలెం మీదుగా అమలాపురం బస్సెక్కితే ఏ ఇబ్బందీ లేదు, నేనే రేవు దాటాల్సిందే అని పట్టుబట్టా. తెల్లారగట్ల బయల్దేరి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరేసరికి మంచు ఎంతలా పట్టిందంటే రేవులో ఆగిన పంటు కూడా దగ్గరకెళ్తే గానీ కనపడ్లేదు. పంటు అంటే తెలియనివాళ్ళకి, మనుషులతో పాటు బళ్ళు కూడా ఎక్కేలా పైన బల్లపరుపుగా ఉండే మరపడవ. మాతోపాటు నాలుగు మోటారుసైకిళ్ళు, పాలక్యాన్లు కట్టుకున్న సైకిలాయన, కూరల గంపతో ఒక ముసలమ్మ. నది మధ్యకొచ్చాక రెండు గట్లూ లేవు. ఇంజను చప్పుడు, పక్కనుంచి గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా పోతోంది, అంతే. కాసేపటికి ముందు కొబ్బరి మట్టలు కనపడ్డాయి, గాల్లో వేలాడుతున్నట్టు, తర్వాత మాన్లు, గట్టు ఆఖర్న వచ్చింది. నేను పదిహేడేళ్ళ వయసులో మారోవిండ్ మొదటిసారి ఆడినప్పుడు ఊళ్ళు సరిగ్గా ఇలాగే వచ్చేవి, పొగమంచులోంచి ముందు ఒక గోపురం కొస, తర్వాత గోడ. అప్పటి కంప్యూటర్లు దూరం దాకా చూపించలేక పెట్టిన మంచు అది, అయినా నాకు ఆ లోకానికి అంతు లేదనిపించింది దానివల్లే.

పంటు టికెట్ మనిషికి విడిగా బండికి విడిగా, చిల్లర దగ్గర పెట్టుకోండి. దిగాక ఆటో మా ఊరి అడ్డరోడ్డు దాకానే వస్తానన్నాడు. పిన్నివాళ్ళు ఈమధ్యే కొత్తిల్లు కట్టుకున్నారు కాలవ అవతల, వాడేమో హాస్టల్ నుంచి దొడ్డిదారినే వెళ్ళొస్తుంటాడంట, ఆ దారి కాస్తా నాట్లు వేసి నీళ్ళు పెట్టేసారు, చేతిలో సామానుతో గట్లమీద నడవలేం. కొబ్బరికాయలు వలుస్తున్న ఒకాయన్ని అడిగితే, "కాలవగట్టునే ఎల్లిపోండాయ్, లాకులు తగుల్తాయి, లాకులు దాటాకా ఎడంచేతి పక్క బోదె, బోదె మీద తాటిపట్టె ఉంటాది, అది దాటితే మీ పిన్నిగారి పెరడేనండి" అన్నారు. వెళ్తే అలాగే ఉంది, తాటిపట్టెతో సహా.

ఇది ఎందుకు రాస్తున్నానంటే ఆ రాత్రి మారోవిండ్‌లో కూడా ఇదే. బాల్మోరా అనే ఊళ్ళో ఒకాయన పని చెప్తాడు, అర్క్‌న్‌థాండ్ అనే పాత శిథిలంలోంచి ఒక చిన్న పెట్టె తేవాలి. మ్యాప్ మీద బాణం ఉండదు. ఊరి బయటికొచ్చి ఏరు దాటు, తూర్పున మూన్‌మాత్ కోట మీదుగా పో, పాత వంతెన వస్తుంది, దాటు, అని మాటల్లో చెప్తారు, నీ డైరీలో ఉంటుంది, చదువుకుంటూ పోవాలి. వెళ్ళాక తలుపు తెరుచుకోదు, తిప్పే పిడి తలుపు దగ్గర ఉండదు, కాస్త ఎడంగా ఒక గొట్టం మీద ఉంటుంది. మావాడు దానికే అరగంట తిరిగాడు. లోపల ఆ పెట్టె కోసం ఇంకో గంటన్నర, చూస్తే అరలో అరచేయంత పెట్టె. దొరికినప్పుడు వాడు కేకేస్తే పక్కగదిలోంచి పిన్ని లేచొచ్చింది, "ఏంట్రా, పాముగానీ వచ్చిందా?" అని.

మారోవిండ్ కథ జరిగే వార్డెన్‌ఫెల్ దీవి మొత్తం సుమారు 24 చదరపు కిలోమీటర్లు. మా బాబాయికి ఎకరాల్లో చెప్తే గానీ ఎక్కదు కాబట్టి లెక్కేసి చెప్పా, ఆరువేల ఎకరాలు. "అంటే మన ఊరూ, పక్క రెండు మూడు ఊళ్ళ ఆయకట్టూ" అన్నారు. అంతే మరి. అంత చిన్నది వారాలపాటు ఎలా పట్టిందంటే, నడుమ ఎర్రకొండ అడ్డం, దాని చుట్టూ తిరిగి పోవాలి, మొదట్లో నడక నెమ్మది, గుర్రాల్లేవు. బళ్ళ బదులు సిల్ట్ స్ట్రైడర్ అని ఇంటికంటే ఎత్తు పురుగు, దాని వీపు డొల్లలో కూర్చుంటే తీసుకెళ్తుంది, సీడా నీన్‌లో ఎక్కితే బాల్మోరా, వివెక్, సురాన్, గ్నిసిస్ ఈ నాలుగే. ఆల్డ్‌రూన్ కావాలంటే బాల్మోరాలోనో గ్నిసిస్‌లోనో దిగి మారాలి. తీరం ఊళ్ళకి పడవలు. మేజెస్ గిల్డ్, అంటే మంత్రగాళ్ళ సంఘం, ఉన్న ఊళ్ళ మధ్య డబ్బు కడితే మంత్రంతో పంపిస్తారు. ఏ ఒక్కటీ అన్ని చోట్లకీ పోదు, ఆటో, పంటు, మళ్ళీ ఆటో, ఆ తర్వాత కాలినడక అని మేం వేసుకున్నట్టే వేసుకోవాలి. పిన్నివాళ్ళ వైపు రేవులో నిలబడి చూస్తే కోటిపల్లి ఎదురుగానే ఉంటుంది, పంటు ఆగిపోయిన రోజున అదే ఊరికి వంతెన చుట్టూ తిరిగెళ్ళాలి, అప్పుడది ఎంత దూరమో అవుతుంది. ఇది వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, ఇంటర్ రెండేళ్ళూ ఆ పంటు మీదే వెళ్ళాడు.

బస గురించి చెప్పాలంటే నాలుగు రోజుల్లో పిన్ని వాళ్ళిల్లే అన్నిటికన్నా బాగుంది. పొద్దున పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, ఆ ఆకు వాసనతో వేడివేడిగా, కొబ్బరి పచ్చడి. కొనుక్కుందామంటే అంబాజీపేట వైపు హోటళ్ళలో దొరుకుతాయి.

మూడో రోజు అమలాపురం, రాజోలు మీదుగా దిండి. హౌస్‌బోటు ఫొటోల్లో ఉన్నట్టే ఉంది, వసిష్ఠ మీద మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా తిప్పారు, భోజనంలో రొయ్యల వేపుడు, చేపల పులుసు రెండూ బాగా చేసారు, వంటాయన అడిగి మరీ వడ్డించాడు. కానీ సాయంత్రం ఆరింటికి బోటు ఒడ్డుకి కట్టేస్తారని, ఏసీ రాత్రి పడుకునేటప్పుడే వేస్తారని డబ్బు కట్టించుకునేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు. రాత్రంతా నీళ్ళ మీద పోతాం అనుకుని మావాడు ఎంత ఆశపడ్డాడో. ఇచ్చిన డబ్బుకి ఇది అన్యాయమే, పగలు గంటల లెక్కన బోటు మాట్లాడుకుని రాత్రికి ఒడ్డున రూము తీసుకోవడం మేలు.

ఒబ్లివియన్‌లో బ్లోటెడ్ ఫ్లోట్ అని రేవులో కట్టేసిన ఓడే హోటలు. పది బంగారు నాణేలిచ్చి పడుకుంటే లేచేసరికి ఓడ కదుల్తూ ఉంటుంది, దొంగలు ఎక్కి ఓనరుతో సహా పట్టేసుకున్నారు, ఓడలో బంగారం ఉందని. ఆ బంగారం మాట ఓనరు బేరాల కోసం పుట్టించిన కబురు, అసలు లేదు. కట్టేసిన బోటులో కూర్చుని వాడిచేత ఈ క్వెస్ట్ ఆడించా, ఇద్దరం నిద్ర మర్చిపోయాం. ఒబ్లివియన్ జరిగే సైరొడీల్ సుమారు 41 చదరపు కిలోమీటర్లు, మారోవిండ్‌కి ఒకటిన్నర రెట్లు పైనే. అయినా ఆడుతుంటే చిన్నదనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద పట్నాల్లో దాదాపు అన్నిటికీ మొదటి రోజునుంచే మ్యాప్ నొక్కి వెళ్ళిపోవచ్చు, బాణం చూసుకుంటూ నడిస్తే చాలు, దారిలో మనుషుల్ని ఏమీ అడగక్కర్లేదు. పైగా మనం బలపడేకొద్దీ శత్రువులూ బలపడతారు, ఊరి బయట దారిదోపిడీ దొంగలు కూడా ఖరీదైన గాజు కవచాలు తొడుక్కుని వస్తారు, కష్టపడి ఎదిగినదానికి అర్థం లేకుండా పోతుంది. అది నాకు ఇప్పటికీ బాధే. కానీ కథల దగ్గర ఈ గేముకి సాటి లేదు. చేడిన్‌హాల్‌లో ఒక చిత్రకారుడు తను గీసిన బొమ్మలోనే ఇరుక్కుపోతే మనం ఆ బొమ్మలోకి దిగుతాం, చెట్లూ ఆకాశమూ అన్నీ కుంచె గీతలే. డాగర్‌ఫాల్ 15,000 చోట్లలో ఇలాంటిది ఒక్కటి చూపించమన్నా, వాడేం మాట్లాడలేదు.

నాలుగో రోజు అంతర్వేది. నరసింహస్వామి దర్శనం త్వరగానే అయ్యింది, మామూలు రోజు కదా. అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడిచాం, వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు, ఎండకి టోపీ తప్పనిసరి. లైట్‌హౌస్ దూరం నుంచి చూడగానే నాకు స్కైరిమ్ గుర్తొచ్చింది, అక్కడే ఇసుకలో కూర్చుని చెప్పా, మిగతాది మధ్యాహ్నం సత్రం రూములో ఆడాడు. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున ఫ్రాస్ట్‌ఫ్లో లైట్‌హౌస్. వెళ్ళమని ఎవరూ చెప్పరు. పొగ చూసి మనమే వెళ్తాం. లోపల ఇంటావిడ చనిపోయి ఉంటుంది, డైరీలు చదివితే ఒక కుటుంబం సముద్రం చూస్తూ బతుకుదామని వచ్చి నేలకింద పురుగుల వాత పడ్డ సంగతి తెలుస్తుంది, తను పోయాక తన అవశేషాల్ని ఆ దీపం మంటలో వెయ్యమని తండ్రి కోరిక. అవి వెతికి తెచ్చి పైన మంటలో వేస్తే చిన్న వరం ఒకటి వస్తుంది. వాడు మెట్లెక్కి వేసొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు.

స్కైరిమ్ సుమారు 37 చదరపు కిలోమీటర్లు, ఒబ్లివియన్ కంటే కాస్త తక్కువే. అయినా కొండలూ లోయలతో దారి మెలికలు తిరిగి ఎక్కువనిపిస్తుంది, ప్రతి గుహకీ చేత్తో పెట్టిన ఒక సంగతి ఉంటుంది. బసకి పది నాణేలు, ఓనరు మనతో నడిచొచ్చి రూము చూపిస్తారు, ఆ మర్యాద నాకిష్టం. ఊళ్ళ బయట గుర్రబ్బళ్ళు దొరుకుతాయి. బాణం మాత్రం ఇక్కడా వదల్లేదు.

తిరుగు దారి సఖినేటిపల్లి రేవు, అక్కణ్ణించి పంటు మీద నర్సాపురం, నాకు రైలు అక్కడే. సాయంత్రం పంటుకి జనం బాగా ఉంటారు, రైలుందంటే గంట ముందే రేవుకి రండి. వాడు నాతో అవతలి ఒడ్డు దాకా వచ్చి అదే పంటులో వెనక్కెళ్ళాడు, పెన్‌డ్రైవ్‌లో మారోవిండ్ ఎక్కించుకుని.

వారం తర్వాత రాత్రి పదకొండింటికి మెసేజ్. "అన్నయ్యా, ఉర్షిలాకు వాళ్ళ శిబిరం దొరకట్లేదు. స్ట్రైడర్ ఎక్కి ఖూల్ దాకా వచ్చా. ఇక్కణ్ణించి ఎటు?"

సముద్రం ఎడంచేతి పక్క ఉంచుకుని తూర్పుకి పో, అని రాసా.